డాక్టరమ్మ చెలమ

“మీ చెలమకేం కాదమ్మా. నాదీ పూచీ.”

ఈ మాట అన్నవాడు అప్పుడు పెరుగన్నంలో ఊరగాయ నంజుకుంటున్నాడు. వడ్డిస్తున్నది డాక్టరమ్మ. నేను ఎదురు కుర్చీలో ఉన్నాను. ఆ మాట ఇచ్చి పదేళ్లు దాటింది, తప్పి కూడా చాలాకాలమైంది. పోయిన మంగళవారం పొద్దున పక్క పశువుల రాంచ్ యజమాని డేల్ ఫోన్ చేసి “డాక్ పోయింది” అని చెప్పినప్పుడు నా చెవిలో మొదట వినిపించింది ఆవిడ గొంతు కాదు, ఆ మాటే. మంచి మనిషి పోయిన వార్త వింటూ, ఆ మనిషిని ముంచినవాణ్ణి ముందుగా తలుచుకోవలసి రావడం కన్నా దరిద్రం ఏముంది?

నగరంలోని తెలుగు సంఘం పత్రికవాళ్లు రెండు మాటలు రాసిమ్మన్నారు. రెండు మాటలతో సరిపెట్టే వయసు నాకు దాటిపోయింది. ఒక్క వాక్యం కత్తిరించినా మొత్తం వెనక్కి ఇచ్చేయమని ముందే చెప్పాను. ఆవిడ పేరు రాయను. మా లోయలో ఆ పేరుతో పిలిచినవాళ్లు లేరు. తెల్లవాళ్లకు డాక్, నాకు డాక్టరమ్మ.

మాది అమెరికాలో రెండు రాష్ట్రాల సరిహద్దులో ఉన్న ఎడారి లోయ. ఒక పెట్రోల్ బంకు, ఒక బడి, ఒక క్లినిక్, దూరదూరంగా పశువుల రాంచ్‌లు. నేను రాగి గనిలో ఇంజనీరుగా వచ్చాను. గని మూతపడ్డాక తోటి తెలుగువాళ్లందరూ ఫ్రీమాంట్‌కో ఫార్మింగ్టన్ హిల్స్‌కో పోయారు. ఇన్ని పుస్తకాలు మోసుకుపోవడానికి బద్ధకించి నేను ఉండిపోయాను. డాక్టరమ్మ వీసా షరతు కింద మూడేళ్లు పల్లెలో పనిచేయడానికి వచ్చారు. మూడేళ్లూ అయిపోయాక సామాను సర్దుకుంటారని అందరూ అనుకున్నారు. ఆవిడ సర్దుకోలేదు, కొండ పాదంలో కాస్త నేల కొన్నారు. ఆ నేలలో ఒక ఊట ఉంది. దానికోసమే కొన్నారు.

ఆవిడది అనంతపురం జిల్లా. ఊటను ‘చెలమ’ అనేవారు. అది చెలమ కాదు, చెలమంటే ఏటి ఇసుకలో తవ్వుకునే గుంట అని నేను నా పాండిత్యమంతా చూపించి చెప్పాను.

“నీళ్లుండే గుంతకు పేరు ఏదైతే ఏమన్నా? నీళ్లుండాయా లేదా చూడు” అన్నారు.

నీళ్లున్నాయి. కొండరాళ్ల మధ్యనుంచి బొటనవేలంత ధార. పాత కాపరులెవరో దానికి ఇనప గొట్టం పెట్టి, కింద పశువులు తాగే తొట్టి కట్టారు. ఆ ధారతో ఆవిడ గోంగూర, బెండ, నాలుగు టమాటా మొక్కలు పండించేవారు. పొద్దున లేవగానే ఆ గొట్టానికి చెవి ఆనించి వినడం అలవాటు. గుండె చప్పుడు వినే డాక్టరు గనక అలా చేస్తుందని డేల్ నవ్వేవాడు. సంగతి అది కాదు. ఆవిడ నాయన అనంతపురంలో తన బోరు గొట్టానికి అలాగే చెవి ఆనించేవాడట. మొదట వాళ్ల బావి ఉండేది. పక్క చేనువాడు బోరు వేశాడు, బావి ఎండింది. వీళ్లూ బోరు వేశారు. అవతలివాడు ఇంకా లోతుకు వేశాడు. “ఒగరి బోరు ఇంగొగరి బోరును తాగేసింది. ఆఖరికి ఎవురికీ లేకపాయె. మా నాయన గొట్టానికి చెవి పెట్టి, లోపల గాలి ఈలేస్తాంది పాప, నీళ్లు పోయినాయి అనె” అని ఒకసారి చెప్పారు. ఇంకెప్పుడూ చెప్పలేదు.

క్లినిక్‌లో ఆవిడ పద్ధతి ఆవిడదే. రోగి లోపలికి రాగానే స్టీలు చెంబులోంచి గ్లాసులో ఆ ఊటనీళ్లు పోసి ఇచ్చేవారు. “ముందు నీళ్లు తాగు, తర్వాత నొప్పి చెప్పు.” ఆరడుగుల పశువులకాపరులు, టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని, బడిపిల్లల్లా గ్లాసు ఖాళీ చేసేవాళ్లు. ఈ ఎడారిలో సగం రోగాలు దాహమేననీ, తన చదువంతా మిగతా సగానికేననీ అనేవారు. అడుగున మిగిలిన నీళ్లను కిటికీ దగ్గరున్న కరివేపాకు కుండీలో పోయించేవారు. డేల్ తండ్రి ఆఖరి రోజుల్లో మందులు మానేసి కూడా ఆ గ్లాసు కోసం క్లినిక్‌కి వచ్చేవాడు. ఆయన పోయినప్పుడు సమాధి దగ్గర ఏడ్చింది ఇద్దరే, డేల్, డాక్టరమ్మ.

నగరంనుంచి మనవాళ్లు వారాంతాల్లో నక్షత్రాలు చూడటానికి వచ్చేవాళ్లు. ఆవిడ ఇంట్లో దిగేవాళ్లు. “ఆంటీ, ఎంత పీస్‌ఫుల్‌గా ఉందో ఇక్కడ! మేమూ ల్యాండ్ కొనేసుకోవాలి” అనేవాళ్లు. గోంగూర సంచుల్లో నింపుకుని, కార్లు ఊటనీళ్లతో కడుక్కుని, వెనక్కి పోయి, కొత్త కాలనీల్లో ఈతకొలనుల ఇళ్లు బుక్ చేసుకునేవాళ్లు. ఆ కాలనీలకు నీళ్లు ఎక్కడనుంచి వస్తాయని అడిగినవాణ్ణి ఒక్కణ్ణి కూడా నేను చూడలేదు. ఈ పత్రిక చదివేవాళ్లలో వాళ్లూ ఉంటారు. ఉండనీయండి.

ఆ ఇంటికే ఒక వేసవిలో ఆ పిల్లవాడు వచ్చాడు. మాస్టర్స్ చదవడానికి వచ్చిన మనవాడు. భూగర్భజలాలమీద థీసిస్. లోయలో ఊటలన్నీ తిరిగి కొలవాలి. ఉండటానికి చోటు లేదు, కారు లేదు, ఎండకు వడదెబ్బ తగిలి క్లినిక్‌కే చేరాడు. డాక్టరమ్మ నీళ్లు తాగించి ఇంటికి తీసుకుపోయారు. రెండు వేసవులు అక్కడే ఉన్నాడు. అమ్మా అని పిలిచేవాడు. పప్పులో నెయ్యి చాల్లేదని అలిగేవాడు కూడా. వాడు ఆవిడ చెలమను బకెట్టు పెట్టి, చేతి గడియారం చూస్తూ, వంగి వంగి కొలవడం నేనే చూశాను. “అమ్మా, మీ స్ప్రింగ్ సూపర్. డ్రై ఇయర్‌లో కూడా ఫ్లో తగ్గలేదు” అని కేక పెట్టాడు. ఆవిడ గోంగూర కోస్తూ, పరీక్షలో పాసైంది చెలమా తానా అన్నంతగా మురిసిపోయారు.

చదువయ్యాక వాడికి నగరంలో ఒక కన్సల్టింగ్ కంపెనీలో ఉద్యోగం దొరికింది. ఆ కంపెనీకి నగరం నీటి సంస్థ పని ఇచ్చింది. ఆ పని మా లోయే. ఇక్కడ బావులు తవ్వి, కొండలమీదుగా గొట్టం వేసి, మా కింది నీళ్లను నగరానికి తీసుకుపోవాలి.

ఇక్కడ చట్టం సంగతి ఒక్కటి చెప్పాలి. ఇలా నీళ్లు తీసుకుపోవడానికి దరఖాస్తు వస్తే స్థానిక పత్రికలో ప్రకటన వేస్తారు. గడువులోపల అభ్యంతరం దాఖలు చేసినవాడు విచారణలో పక్షం అవుతాడు, ప్రశ్నలు వేయవచ్చు, అప్పీలుకు పోవచ్చు. చేయనివాడి నోరు అక్కడితో మూసినట్టే. డేల్ ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించాడు. నేను మొదటి రోజే పెట్టాను. డాక్టరమ్మ దగ్గరికి కలం పట్టుకుని వచ్చి, “డాక్, బావులు వచ్చేది ఈ కొండ పక్కనే, నీ ఊటే వాటికి అందరికంటే దగ్గర. ముందు నీదే ఎండుతుంది. నువ్వు సంతకం పెడితే చాలు, మిగతా తిప్పలు మావి” అన్నాడు. ఆదివారం దాకా ఆగమన్నారు ఆవిడ. ఆదివారం పిల్లవాడు భోజనానికి వస్తున్నాడట.

వచ్చాడు. పప్పు, బెండకాయ వేపుడు, పెరుగు. నేనూ ఉన్నాను. వాడు కంచంలోకి చూస్తూ మొదలుపెట్టాడు.

“అమ్మా, మీరు ప్రొటెస్ట్ ఫైల్ చేస్తే నాకు ప్రాబ్లమ్ అవుతుంది. మీ ఇంట్లో ఉండి థీసిస్ చేశానని అందరికీ తెలుసు. కాన్‌ఫ్లిక్ట్ అని నన్ను ప్రాజెక్ట్‌లోంచి తీసేస్తారు. గ్రీన్ కార్డ్ ప్రాసెస్ మధ్యలో ఉంది. జాబ్ పోతే ఇంకో స్పాన్సర్‌ని రెండు నెలల్లో ఎక్కడ వెతుక్కోను?”

“మరి నా చెలమ సంగతేంది నాయనా?”

“అందుకే కదమ్మా నేను ప్రాజెక్ట్‌లో ఉండాలి! నేనుంటే వెల్స్ మీ కొండకి దూరంగా పెట్టిస్తా. మీ స్ప్రింగ్‌ని మానిటరింగ్‌లో పెట్టిస్తా. బయటనుంచి అరిచేవాళ్లకంటే లోపల మనవాడు ఒకడుంటే బెటర్ కదా. మీ చెలమకేం కాదమ్మా. నాదీ పూచీ.”

నేను కలగజేసుకున్నాను. “పూచీ అంటున్నావు గదా, అదే కాగితంమీద రాసి సంతకం పెట్టి ఇయ్యి.”

“అంకుల్, అలా ఇస్తే ఇంకా పెద్ద ప్రాబ్లమ్.”

“చూశారా డాక్టరమ్మా? రాయలేని మాట నోటితో ఎందుకు చెప్తాడు?”

“అన్నా, నువ్వు రవ్వంత సేపు గమ్మునుండు, పిల్లోడు తింటాండాడు” అన్నారు ఆవిడ.

వాడు వెళ్లాక గొడవ పడ్డాను. నాకు తెలిసిన చరిత్రంతా ఏకరువు పెట్టాను. ఏ నగరం ఏ లోయను ఎలా తాగి ఎదిగిందో, మొదట ఏమని చెప్పిందో, తర్వాత ఏం చేసిందో. ఆవిడ అంట్లు తొట్టిలో కడుగుతూ, ఆ నీళ్లు చెట్లకు పోస్తూ అంతా విన్నారు.

“నువ్వు చెప్పేది నిజమే అన్నా. అయితే, నా చేత్తో కంచం పెట్టి, అదే చేత్తో ఆ పిల్లోని మీద కాయితం ఎట్ల ఏస్తాను? వాడు ఈడ అన్నం తిన్నోడు.”

ఇదీ మన జాతి తెలివి. కోర్టు రశీదు కన్నా అన్నం మెతుకు గట్టి సాక్ష్యం అనుకుంటాం. డేల్‌కి ఇది చెప్పి ఒప్పించడం నావల్ల కాలేదు. “వాడు తిన్నాడు, సరే. తింటే ఏమవుతుంది?” అని అడిగాడు. గడువు దాటిపోయింది.

విచారణ బడి ఆటల హాల్లో జరిగింది. అభ్యంతరం దాఖలు చేసినవాళ్లకు ముందు బల్ల. నేను అక్కడ కూర్చున్నాను. డాక్టరమ్మ వెనక మెట్లమీద, బాస్కెట్‌బాల్ చూడటానికి వచ్చినవాళ్లలాగా, ఒళ్లో స్టీలు చెంబుతో. పిల్లవాడు అవతలి బల్ల దగ్గర, సూటూ టైతో. ఒక్కసారైనా మెట్లవైపు తల తిప్పలేదు.

మా వకీలు వాణ్ణి అడిగాడు: “ఆ కొండ పాదంలో ఇంకేమైనా ఊటలున్నాయా?”

“రికార్డులో ఉన్న ఊటలన్నీ మా నివేదికలో ఉన్నాయి” అన్నాడు వాడు.

అబద్ధం కాదు. అదే నా మంట. ఆవిడ అభ్యంతరం వేయలేదు గనక ఆవిడ ఊట రికార్డులో లేదు. బకెట్టు పెట్టి తానే కొలిచిన ఊట. నేను లేచి అరిచాను. కూర్చోకపోతే బయటికి పంపుతామన్నారు.

చివర్లో జనం మాట్లాడే వేళ ఆవిడకు మూడు నిమిషాలిచ్చారు. ఆవిడ నడుచుకుంటూ వెళ్లి, చెంబులోంచి గ్లాసులో నీళ్లు పోసి, విచారణాధికారి ముందు పెట్టారు. “మా క్లినిక్‌లో మొదట ఇవి తాగితేనే మాట్లాడతాను. తాగండి” అన్నారు ఇంగ్లీషులో. ఆయన ఇబ్బందిగా నవ్వాడు. నగరం వకీలు, “ఈ గ్లాసును సాక్ష్యంగా చేర్చడానికి మాకు అభ్యంతరం ఉంది” అన్నాడు. అంతా నవ్వారు. మా బల్ల దగ్గర కూడా కొందరు నవ్వారు. ఆవిడ మిగిలిన నిమిషాలు వాడుకోలేదు. గ్లాసు తీసుకుని, నీళ్లు తానే తాగి, వెనక్కి వచ్చి కూర్చున్నారు.

అనుమతి వచ్చింది. బావులు కొండకు దూరంగా పెట్టలేదు. వాటికి అనువైన చోటు అదేనట. పిల్లవాడికి గ్రీన్ కార్డూ వచ్చింది, పెద్ద పదవీ వచ్చింది. ఇదే సంఘం, ఇదే పత్రిక పెట్టిన సంఘం, నగరానికి నీళ్లు తెచ్చిన తెలుగుబిడ్డ అని వాడికి ఉగాదినాడు సన్మానం చేసింది. శాలువా ఎవరి చేత కప్పించాలని అడిగితే, “అమెరికాలో నాకు అమ్మలాంటి ఆవిడ ఉన్నారు” అన్నాడట. ఆవిడ వెళ్లారు. అంత దూరం నన్నే డ్రైవ్ చేయమన్నారు. తన చేతులతో శాలువా కప్పారు. జనం చప్పట్లు కొట్టారు. వేదికమీద రెండు చిన్న ఫౌంటెన్లు ఎగిరిపడుతున్నాయి. అలంకారం.

తిరిగొచ్చేటప్పుడు మొహం ముడుచుకుని కారు నడిపాను. ఊళ్లు దాటి ఎడారి మొదలయ్యాక ఆవిడే అన్నారు.

“ఏమన్నా, మొగం అట్ల పెట్టుకున్యావు? శాలువ కప్పితే ఏమైతాది? చలికాలమే గదా.”

“ఉగాదికి చలికాలం ఎక్కడిదమ్మా?”

“వానికి చలిగానే ఉండింది. చేతులు వణుకుతాండె. నేను పట్టుకుని చూసినా గదా.”

డాక్టరుకు వణుకు కనిపిస్తుంది. నాకు శాలువా కనిపించింది. ఎవరి కన్ను నిజమో ఇప్పటికీ తేల్చుకోలేదు, తేల్చుకోదలచుకోలేదు కూడా. భయం అందరికీ ఉంటుంది. మేమందరం వీసా కాగితాలు చేతపట్టుకుని బతికినవాళ్లమే. ఆ భయానికి సొంత ఉద్యోగం ఒడ్డవచ్చు. ఇంకొకరి నీళ్లు ఒడ్డడం మాత్రం నేను ఒప్పుకోను.

పంపులు మొదలైన రెండో ఏట ధార సన్నబడింది. బొటనవేలు చిటికెనవేలైంది, చిటికెనవేలు దారమైంది, దారం చుక్కలైంది. ఆవిడ గొట్టానికి చెవి ఆనించడం మానలేదు. గోంగూర పోయింది. డేల్ తన ట్రక్కులో పీపాలతో నీళ్లు తెచ్చి పోసేవాడు. సంతకం పెట్టలేదని లోయలో కొందరు ఆవిడతో మాటలు మానేశారు, మాత్రలకు మాత్రం వచ్చేవాళ్లు. డేల్ మానలేదు. “నాకు ఇప్పటికీ అర్థం కాలేదు డాక్, వాడు తింటే ఏమైంది?” అని పీపా దించుతూ అడిగేవాడు. ఆవిడ పకపకా నవ్వేవారు.

నేను పిల్లవాడికి ఫోన్ చేశాను.

“అంకుల్, ఐ ఫీల్ వెరీ బ్యాడ్. మోడల్‌లో అలా రాలేదు. డ్రౌట్ కూడా ఉంది కదా, వానలే లేవు.”

“డ్రై ఇయర్‌లో కూడా తగ్గలేదని కేక పెట్టింది నువ్వే.”

వాడు మాట మార్చాడు. “అమ్మకి చెప్పండి, ఇక్కడికి వచ్చేయమని. మా ఇంట్లో గెస్ట్ రూమ్ ఉంది. వాటర్ ప్రాబ్లమే లేదు” అన్నాడు.

ఆ మాట ఆవిడకు చెప్పలేదు. వాడిపేరు ఊరూవాడా తెలిసేలా పత్రికలో రాస్తానని మాత్రం చెప్పాను. అప్పుడు ఆవిడ నాతో మొట్టమొదటిసారి గట్టిగా మాట్లాడారు.

“వద్దు. నేనుండంగ ఆ పిల్లోని పేరు యాడా రాయద్దు. వానికి ఇద్దరు ఆడపిల్లోళ్లు. మన వాట్సాప్ గ్రూపులు నీకు తెలీదా? కాకులు పొడిచినట్ల పొడుస్తారు.”

“మీరున్నంతకాలం రాయను. తర్వాత?”

“తర్వాత నీ ఇష్టం. నువ్వు ఏ పొద్దు నా మాట ఇన్యావు గనక?”

ఈ ఏడు నగరం రెండో విడతకు దరఖాస్తు పెట్టింది. ఇంకొన్ని బావులు, లోయ అవతలి చివర. ప్రకటన పడ్డ మర్నాడే ఆవిడ, ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో, డేల్ ట్రక్కెక్కి వెళ్లి అందరికంటే ముందు సంతకం పెట్టి వచ్చారు. ఇప్పుడెందుకమ్మా, పోయేది పోయింది గదా అన్నాను.

“నాది పోయింది. వాళ్లది ఉండాది గదా” అన్నారు.

ఆ గుణమే నాకు లేదు. నలభై ఏళ్లు పక్కనుండి కూడా పట్టుబడలేదు. చదివిన పుస్తకాలకు లెక్కలేదు, ఆ ఒక్క వాక్యం నాకు వాటిలో దొరకలేదు. ఆవిడ చేతి నీళ్లు తాగి, ఆవిడ వంట తిని, ఆవిడతో వాదించి బతికాను. అందుకు కృతజ్ఞుణ్ణి. ఆ మాట ఆవిడ ఎదుట అనలేదు, అంటే జ్వరమేమైనా ఉందా అని చెయ్యి పట్టుకు చూసేవారు.

అంత్యక్రియలకు లోయ అంతా వచ్చింది. మాటలు మానేసినవాళ్లూ వచ్చారు, టోపీలు చేతబట్టుకుని. నగరంనుంచి సంఘంవాళ్లు మెసేజీలు పంపారు. అందరివీ ఒకేలాంటి మూడు ఇంగ్లీషు అక్షరాలు ఆర్ఐపీ, ఒకేలాంటి చేతులు జోడించిన బొమ్మ. పిల్లవాడు రాలేదు. పూలు పంపాడు. మనిషంత ఎత్తు పూలచక్రం, తెల్లవి, తేమతో బరువుగా ఉన్నవి, చల్లబరిచిన వ్యానులో వచ్చాయి. ఇద్దరు మోసుకొచ్చారు. ఎక్కడ పెట్టాలో తెలియక డేల్ దాన్ని చెలమ దగ్గరికి తీసుకుపోయి ఖాళీ తొట్టిలో నిలబెట్టాడు.

అందరూ వెళ్లాక నేను అక్కడ ఉండిపోయాను. వంగి, ఆ ఇనప గొట్టానికి చెవి ఆనించాను. లోపల గాలి ఈల వేస్తోంది. లేచి చూస్తే, మధ్యాహ్నపు ఎండకు పూలు అప్పటికే గోధుమరంగుకు తిరిగి, రేకులు ఒక్కటొక్కటే పొడి తొట్టిలో రాలుతున్నాయి. రిబ్బను మాత్రం కొత్తగా ఉంది. గాలికి కొట్టుకుంటూ తిరగబడుతోంది, మళ్లీ ఇటు తిరుగుతోంది. బంగారురంగు ఇంగ్లీషు అక్షరాలు చెక్కుచెదరలేదు. నేనిచ్చిన మాట ఆవిడతోపాటే తీరిపోయింది గనక, అక్కడున్నది ఉన్నట్టు రాస్తున్నాను: ప్రేమతో, మీ కొడుకు, మురళి.